బొత్తాం ఆగిన చోటు

బొత్తాం మళ్ళీ అక్కడే చతికిలబడింది.

"లేవే తల్లీ, ఎండెక్కకముందే పైకి చేరాలి" అంటూ టైలరమ్మ కుక్క మెడతాడు లాగింది. అది కదిలితే ఒట్టు.

ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద ఎక్కడో సముద్రం, నడుమ ఇద్దరు మనుషులు పట్టేంత బాట. బాట పక్కన వేసిన ఇనుప కమ్మీ మొదటి మలుపు దాకే ఉంటుంది. ఆ మలుపులో ఒక చెక్క బెంచీ. బెంచీ మీద రోజూ ఒకే పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుంటాడు.

బొత్తాం సరిగ్గా ఆయన కాళ్ళ ముందే కూర్చుంటుంది.

ఆయన దాన్ని పలకరించడు. ఈవిడనీ పలకరించడు.

ఆవిడ బతిమాలి, బిస్కెట్టు ఆశ చూపించి, ఏదీ కాకపోతే ఈడ్చుకుపోవలసిందే. రోజూ ఇదే భాగోతం.

భర్త పోయాక టైలరమ్మ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో అలికిడి లేదు. అందుకని ఏడు నెలల కిందట కుక్కల శిక్షణ కేంద్రానికి వెళ్ళి దీన్ని తెచ్చుకుంది. పని మాన్పించిన ముసలి కుక్కల్ని వాళ్ళు అడిగినవాళ్ళకి ఇస్తారు. అక్కడి అమ్మాయి ఫైలు తెరిచి, "ఇది ఇంతకుముందు..." అని మొదలుపెట్టింది.

ఈవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని పాత కథ నాకెందుకమ్మా? ఇవాళ్టి నుంచి ఇది నాది."

పేరు కూడా తనే పెట్టుకుంది.

నాది అనేసినంత మాత్రాన అయిపోతుందా? పెట్టింది తింటుంది, చెప్పింది వింటుంది, ఆవిడ గుమ్మం దిగబోతే తనే ముందు ఆగి నిలబడుతుంది. అంతా కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ మర్యాద. ఒక్కసారి తోక ఊపుతూ మీద పడితే చాలునని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

ఆ తోక ఊగేది బెంచీ దగ్గర మాత్రమే. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ, దీనికి మీరేమైనా పెడుతున్నారా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "లేదమ్మా. ముట్టుకోను కూడా."

"మరి మీ దగ్గరే ఎందుకు కూలబడుతుంది? దీన్ని నేను మచ్చిక చేసుకోవాలా, వద్దా? కొండ నిండా బెంచీలున్నాయి. మీకు పుణ్యముంటుంది, ఇంకోచోట కూర్చోండి."

ఆయన చేతులు తొడల కింద ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

"ఏం పేరు పెట్టారమ్మా?"

"బొత్తాం."

"బాగుంది." నవ్వాడు. "సరిగ్గా తింటోందా?"

"దానికేమండీ, మహారాణి! నాకంటే ముందు దానికే పెడతాను."

"పడుకునేది?"

"నా మంచం పక్కనే. అయినా ఈ ఆరాలన్నీ మీకెందుకు?"

"తప్పేనమ్మా. రేపటి నుంచి రాను."

మర్నాడు బెంచీ ఖాళీ. టైలరమ్మ లోలోపలే సంబరపడింది. పీడ వదిలింది అనుకుంది.

బొత్తాం ఖాళీ బెంచీ ముందు కూర్చుంది. ఆ రోజు బిస్కెట్టుకీ లొంగలేదు. ఎండ నెత్తికెక్కే దాకా పక్కనే కూర్చుని, ఆవిడ దాన్ని ఎలాగో ఇంటికి చేర్చింది.

వారం తిరక్కుండానే అన్నం మానేసింది.

పశువుల డాక్టరు కడుపు నొక్కి చూశాడు, రక్తం తీశాడు.

"జబ్బేమీ కనపడటం లేదండీ. వయసు మీద పడింది. తినాలని దానికే అనిపించాలి."

టైలరమ్మ పంతం గింతం అన్నీ గాలికొదిలేసి, ఆ పెద్దమనిషి కోసం కొండంతా గాలించింది. ఆయన్ని చూస్తేనైనా ఒక ముద్ద తింటుందేమోనని ఆశ. ఎదురైనవాళ్ళందరినీ అడిగింది. ఎవరికీ ఆయన పేరు కూడా తెలీదు.

బెంచీ ఖాళీ అయిన పదమూడో రోజు పొద్దున, మిషను పక్కన గుడ్డముక్కల మీద పడుకుని, బొత్తాం ఊపిరి వదిలేసింది.

ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.

"నాది నాది అన్నానే గానీ, నీకేం కావాలో ఒక్కనాడూ ఆలోచించలేదే తల్లీ!"

కేంద్రానికి చెప్పాలి కదా. మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఆ అమ్మాయే ఎత్తింది. ఈవిడ విషయం చెప్పింది.

"ఇప్పుడు ఆయనకెలా చెప్పను?" అంది ఆ అమ్మాయి.

"ఎవరికమ్మా?"

"దీని పాత మనిషికండీ. తొమ్మిదేళ్ళు ఆయన దగ్గరే పనిచేసింది. కొత్తింట్లో కుదురుకునే దాకా, ఏడాదిపాటు పాతవాళ్ళు కుక్కని ముట్టుకోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అది మా నియమం. పిలిస్తే మళ్ళీ పనికి లేచి నిలబడుతుంది, దానికిక విశ్రాంతి ఉండదు. మీరు రోజూ దాన్ని కొండ మీదికి తీసుకెళ్తారని మేమే ఆయనకి చెప్పాం. దారి పక్కన ఊరికే కూర్చుంటే తప్పా అని అడిగారు. కాదన్నాం."

"ఆ బెంచీ మీద..."

"ఆయనేనండీ. ఆ మధ్య వచ్చి, 'ఆవిడకి నా వల్ల ఇబ్బందవుతోందట, ఇక వెళ్ళనమ్మా, బాగా తింటోందట, నాకదే చాలు' అన్నారు."

"అయ్యో రాత! ఒక్క మాట చెప్పుంటే నేనే ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, కళ్ళారా చూసుకోమనేదాన్ని కదమ్మా!"

"ఆయనకి చూపెక్కడిదండీ... తొమ్మిదేళ్ళపాటు ఆయన్ని రోడ్లు దాటించి, మెట్లెక్కించి, రోజూ క్షేమంగా ఇంటికి చేర్చింది మీ బొత్తామే."