అర అంగుళం

ఆదివారం పొద్దున్నే కోచ్ టేపు పట్టుకుని నిలబడ్డాడు. జిమ్‌లో ఊరందరి కొవ్వూ కరిగిస్తాడాయన. ఇంట్లో పెళ్లాన్ని కరిగిస్తున్నాడు.

"పిరుదుల దగ్గర ఇంకో అర అంగుళం పోవాలి. వచ్చే ఆదివారం జిమ్ వార్షికోత్సవం. స్టేజీ ఎక్కించి నిన్నే చూపిస్తా. తగ్గుతావా?"

"అందాకా ఎందుకండీ? శుక్రవారానికే తగ్గుతాను."

కోచ్ మురిసిపోయాడు. మూడు నెలల కష్టం మరి. ఫ్రిజ్‌కి తాళం వేశాడు. బిస్కెట్లున్న అలమరకి తాళం వేశాడు. ఏదో ఒకటి ఆర్డరు పెట్టుకుంటుందని ఫోను లాక్కున్నాడు. పక్కనే బేకరీ ఉంది కాబట్టి, తాను బయటికెళ్తే వీధి తలుపుకీ తాళమే.

మొదట్లో ఆమె ఏడ్చింది, బతిమాలింది. తర్వాత ఏమైందో ఏమో, రెండు బ్రెడ్డు ముక్కలు పెడితే ఒకటే తినడం మొదలుపెట్టింది. కుట్టుపెట్టెలోంచి ఓ దారం తీసి రోజూ ఒంటికి చుట్టి చూసుకునేది.

"ఇదేంటి?" అన్నాడోసారి.

"మీరు ఆదివారమే కొలుస్తారు. నాకు అన్నాళ్లు ఆగాలనిపించదు."

ఆ మాట జిమ్‌లో పదిమందికీ చెప్పుకున్నాడు.

మంగళవారం ఆడపడుచు వచ్చింది. అన్న స్నానానికి వెళ్లగానే సంచీలోంచి కేకు తీసింది.

"ఒక్క ముక్కకి ఏం కాదులే, తిను వదినా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కేకు వెనక్కి తోసేసింది.

"అవుతుంది. శుక్రవారం దాటితే ఇక నా వల్ల కాదు."

"ఎంత పట్టుదల వదినా నీది. మా ఆయనకైతే నేను లావయ్యానో చిక్కానో కూడా తెలీదు. అదృష్టమంటే నీదే."

ఆమె కేకుని తిరిగి సంచీలో పెట్టేసింది.

గురువారం దారం కొసల మధ్య ఇంకా వేలి మందం ఖాళీ ఉంది. ఆమెకి భయం పట్టుకుంది. ఆ రోజు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

శుక్రవారం, నెల కిందటే ఒప్పుకున్న పొరుగూరి పోటీలకి జడ్జిగా వెళ్తూ కోచ్ తాళం వేశాడు.

"సాయంత్రం వచ్చి కొలుస్తా," అని తలుపు అవతలి నుంచి కేకేశాడు.

అడుగుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె దారం చుట్టుకుంది. కొసలు కలిశాయి.

దారాన్ని కుట్టుపెట్టెలో పడేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, మూడు నెలల కిందట ఆ దారంతో తాను చుట్టుకొలత తీసుకున్న బాత్రూం కిటికీ ఎక్కింది.