రేడియేటర్ నీళ్లు

1995 ఫిబ్రవరి 12, ఆదివారం. ఆ రోజు ప్రకాశరావు భార్య సరోజ రొయ్యల ఇగురు, ముద్దపప్పు వండింది. తొలి రొయ్యల పంట డబ్బుతో కొన్న పాత జీపు గుమ్మం ముందుంటే, దాని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే అందరికీ వడ్డించింది. మొదటి విస్తరి డ్రైవరు అంజికి.

"మూడేళ్ల కిందటి భోజనం సంగతి ఇప్పుడెందుకండీ?" అన్నాడు మెకానిక్ యేసుదాసు, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే.

"బండి అప్పుడెంత బాగుండేదో చెబుతున్నానయ్యా," అన్నాడు ప్రకాశరావు.

"అప్పటికే ముసలిదండీ. క్లచ్ ప్లేట్లు అరిగాయి, కమాన్ కట్టలు విరిగాయి, మార్చాం. అవి వయసు రోగాలు. ఇది కాదు." యేసుదాసు రేడియేటర్ నీళ్లు డబ్బాలోకి వదిలి, వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు. "ఉప్పు. రేడియేటర్ తినేసింది. నీళ్లాగక ఇంజను కాగి హెడ్డు పగిలింది. ఇంజను దించి బాగు చెయ్యాలంటే పదిహేను వేలు దాటుద్ది."

"కిందటేడూ ఇదే మాట చెప్పావు."

"కిందటేడు చెప్పిందేమిటండీ? మీ చెరువు దగ్గరి బావి నీళ్లు పొయ్యొద్దన్నాను."

"అక్కడి బావి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయయ్యా. సరోజ రెండు చెంబులు తాగింది. అయినా నీ మాట కాదనలేక, గుడివాడ మంచినీళ్లు రెండు క్యాన్లు అంజితో పంపుతూనే ఉన్నాను."

"మరి అవి రేడియేటర్లోకి రాలేదండీ," అన్నాడు యేసుదాసు. "వేసవిలో ఈ బండి మనిషికంటే ఎక్కువ తాగుద్ది. తాగించిందెవరో మీరే కనుక్కోవాలి."

ప్రకాశరావు ఆ డబ్బాలోకి తొంగి చూశాడు. బండి తాళం అంజి చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండదు. సరోజ పోయాక తను దివిసీమ వైపు వెళ్లడమే మానేశాడు. కోడూరు దాటాక ఉన్న తన రొయ్యల చెరువుకి మేత బస్తాలు తోలేదీ, అక్కడి మంచి చెడ్డలు చెప్పేదీ అంజే. ఆస్పత్రిలో సరోజ ఆఖరి రాత్రులన్నీ ఆమె మంచం పక్కన నేల మీద పడుకున్నది కూడా అంజే. అదే ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

బాగయిన బండి షెడ్డు నుంచి వచ్చిన మర్నాడు, క్యాన్లు జీపులో పెట్టిస్తూ మామూలుగానే అడిగాడు.

"ఈ నీళ్లు బండికేరా అంజీ. మర్చిపోవుగా?"

"మర్చిపోనండీ," అన్నాడు అంజి, తాడు బిగిస్తూ.

జీపు మలుపు తిరగ్గానే ప్రకాశరావు అవనిగడ్డ బస్సెక్కాడు. అక్కడ దిగి కోడూరు బస్సు, ఆ పైన ఆటో. చెరువు పక్కనున్న పల్లె చేరేసరికి ఎండ పడమటికి దిగింది.

మేత బస్తాలు దింపేసిన జీపు బావి దగ్గరే ఆగి ఉంది, బానెట్ ఎత్తి. అంజి బావిలోంచి తోడిన నీళ్లు రేడియేటర్లో పోస్తున్నాడు. అవతల మహాలక్ష్మి అనే ముసలావిడ క్యాన్ వంచి, ఆడవాళ్లు వరసగా పెట్టిన బిందెల్లోకి గ్లాసుతో కొలిచి పోస్తోంది.

"ముందు బాలింతకి పొయ్యనియ్యండే! తోసుకోకండి!"

"బాగుందిరా," అన్నాడు ప్రకాశరావు.

అంజి చేతిలోంచి చేద జారింది. "అయ్యగారూ..."

"నీళ్లు కూడా దొంగిలిస్తావనుకోలేదురా. నా ఇంట్లో మొదటి విస్తరి నీకేసిందిరా ఆవిడ! ఆవిడ ముచ్చటపడి కొనిపించిన బండిని నీ చేత్తో చంపుతావా? దాహానికిచ్చానంటే వద్దనేవాణ్ణా? ఒక్క మాట చెబితే ట్యాంకరు పంపేవాణ్ణి కదరా!"

"చెప్పలేకపోయానండీ."

"ఎందుకు?"

అంజి తల దించుకున్నాడు. "మీకెలా చెప్పమంటారండీ?"

"ఆణ్ణేం అనకండి బాబూ," అంది మహాలక్ష్మి. ఆయన ఎవరన్నది కూడా అడగకుండా, క్యాన్లో అడుగున మిగిలినవి గ్లాసులోకి వంచి అందించింది. "ఎండనబడి వచ్చారు. ముందు గొంతు తడుపుకోండి."

తన నీళ్లే. వరసలో ఇంకా రెండు బిందెలు ఖాళీగా ఉన్నాయి. ఆయన గ్లాసు పక్కన పెట్టి, చేద అందుకుని బావిలో వేశాడు. పుక్కిట పట్టిన నీళ్లు మింగలేక ఉమ్మేశాడు.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"రెండు వేసవులయింది బాబూ. అంతకుముందు పంచదార పానకమే. గుడివాడ నుంచి ఒకమ్మగారు వచ్చి, ఈ గట్టు మీదే కూర్చుని తాగింది. మీ ఊరు అదృష్టం చేసుకుందే అంది." ఆవిడ నవ్వింది. "ఆ తల్లి నోటి మాట నిలబడలా."

ప్రకాశరావు ఆ గట్టు మీద ఓసారి చెయ్యి ఆనించాడు. గ్లాసు తీసుకెళ్లి ఖాళీ బిందెలో వంచాడు.

"చీకటి పడుద్దండీ. బండెక్కండి," అన్నాడు అంజి.

"రేడియేటర్లో అవి తీసెయ్."

"మరి ఏం పొయ్యమంటారండీ?"

"రేపు తెప్పిస్తాను. ఈ రాత్రి బండి ఇక్కడే ఉండనీ."

బావి వెనక నాలుగడుగుల్లోనే తన చెరువు చుట్టూ పోయించిన ఎత్తయిన మట్టికట్ట ఉంది. ప్రకాశరావు చెప్పులు విడిచి దాని మీదికి ఎక్కాడు. అవతల ఉప్పుటేరు పోటెక్కుతోంది. కాపలావాడు లేచి నిలబడ్డాడు. ఆయన అతన్ని కూర్చోమని సైగ చేసి ముందుకు నడిచాడు.

తన రొయ్యల చెరువులోకి ఉప్పునీళ్లు వదిలే తూము తలుపు, ఆ రాత్రికి మెల్లగా దించేశాడు.