గుండు బాబు

"బాబు ఎత్తు చాలదమ్మా. రూల్ రూలే," అన్నాడు రోలర్ కోస్టర్ దగ్గర టికెట్లు చూసే అతను.

నానిని ఎత్తు కొలిచే బోర్డుకి ఆనించి నిలబెట్టారు. గీత ఎక్కడో పైనుంది. వాడి గుండు ఎక్కడో కిందుంది.

"పొద్దున జుట్టు తీయించకపోతే సరిపోయేదేమో!" అన్నాడు చక్రి.

వినీలకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

పొద్దున్నే మంగళగిరిలో నానికి పుట్టువెంట్రుకలు తీయించారు. గుండుకి చందనం రాయించారు, పానకం తాగించారు, అట్నుంచటే పార్కుకొచ్చారు. తీరా వస్తే ఈతకొలనూ, రోలర్ కోస్టరూ అన్నీ పెద్దవాళ్ళకేనట, మూడేళ్ళ వాడికి బాతుబొమ్మ తప్ప గతి లేదట. బాతు మీద ఎన్నిసార్లని తిప్పుతారు?

"సరే, వంతులేసుకుందాం. ముందు నువ్వెక్కు. వీణ్ణి నేను చూసుకుంటా," అన్నాడు చక్రి.

"వీణ్ణి చూసుకుంటావా, ఫోన్ చూసుకుంటావా?"

"అబ్బ, ఎక్కు తల్లీ!"

వినీల ఎక్కింది. పైన గొంతు చించుకుని అరిచింది. కింద చక్రి ఆ అరుపులన్నీ మహా శ్రద్ధగా వీడియో తీశాడు.

ఆమె దిగొచ్చి, చెదిరిన జుట్టు సర్దుకుంటూ అడిగింది.

"నాని ఏడీ?"

"ఇక్కడే..." చక్రి తన కాళ్ళ దగ్గర చూసుకున్నాడు. ఎవరూ లేరు.

వినీల "నానీ!" అని అరుస్తూ జనంలో పడింది.

ఆదివారం, పైగా మంచి ముహూర్తాలు. ఎటు చూసినా గుండ్లే! చందనం రాసిన గుండు కనబడితే చాలు, పరిగెత్తింది. భుజం పట్టి తిప్పితే ఒకడు ఎవరి పిల్లాడో, ఇంకొకటి అసలు ఆడపిల్ల. ఆ పిల్ల తల్లి నానా మాటలూ అంది. వినీలకి ఏదీ చెవికెక్కలేదు.

"అదిగో!" చక్రి కేక పెట్టాడు.

మెయిన్ గేటు వైపు ఒక పెద్దావిడ గబగబా నడుస్తోంది. నేత చీర, మెడలో జపమాల. ఆవిడ చంకలో నాని!

వినీల ఒక్క ఉదుటున వెళ్ళి వాణ్ణి లాగేసుకుంది.

"దొంగముఖమా! నా పిల్లాణ్ణి ఎక్కడికి ఎత్తుకుపోతున్నావ్?"

నాని కెవ్వుమన్నాడు. జనం మూగారు.

పెద్దావిడ వగరుస్తోంది. "మీ బాబేనా అమ్మా? మాత దయ. ఇక నన్ను పోనీండి. మా మనవడు లోపల ఒక్కడే ఉన్నాడు."

"ఎక్కడికి పోయేది?" చక్రి అడ్డం నిలబడ్డాడు.

సెక్యూరిటీ అతను వచ్చాడు. "ఎలా ఉంటాడు మీ మనవడు?"

"గుండయ్యా. చందనం రాసుంటుంది. నాలుగేళ్ళు."

"ఆ బాబుని చూసుకుంటూ చెప్పేస్తోందయ్యోయ్!" అన్నారు జనంలో ఎవరో.

"కాదు నాయనా! పొద్దున్నే గుణదల మాత దగ్గర గుండు చేయించాం..."

"గుణదలా?" వినీల విరుచుకుపడింది. "వీడికి మంగళగిరిలో చేయించింది నేను! చూశారా, అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాలేదు!"

అంతే, అందరికీ అంతా తేలిపోయింది. ఆవిడ గుణదల అంది, తల్లి మంగళగిరి అంది. ఇంకేం కావాలి?

"మీకు దండం పెడతానయ్యా. ఒక్కసారి లోపలికి పోనీండి. వాడు భయపడతాడు..."

ఎవరూ వినలేదు. గేటు బయట పోలీసు జీపుంటే ఎక్కించేశారు. ఆవిడ వెనక్కి తిరిగి పార్కు వైపే చూస్తూ ఏదో అరుస్తోంది.

"ఏం నాటకాలమ్మా!" అంది వినీల.

నీడలో కూచుని, నానిని గుండెకి హత్తుకుని, మొగుణ్ణి తిట్టాల్సినవన్నీ తిట్టి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు మైకు మోగింది.

"చందనం రాసిన గుండు, సుమారు నాలుగేళ్ళ బాబు మెయిన్ గేటు పక్కన, తప్పిపోయిన పిల్లల్ని అప్పగించే ఆఫీసు దగ్గరున్నాడు. పేరు అంతోని అంటున్నాడు. బాబు తాలూకు వాళ్ళు వెంటనే రావాలి."

వినీల నాని గుండు తడిమి చూసుకుంది. వీడిక్కడే ఉన్నాడు. మరి అక్కడెవరు?

"గుండ్లకి కొదవేంటి ఇక్కడ!" అన్నాడు చక్రి.

మైకు మళ్ళీ పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. ఆ బాబు కోసం ఎవరూ రావడం లేదు.

వినీల లేచి ఆఫీసుకి నడిచింది.

పెద్ద కుర్చీలో చిన్న గుండు. కాళ్ళు నేలకి అందడం లేదు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. చేతిలో ఎవరో ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ విప్పకుండా అలాగే ఉంది.

"అయితే ఆవిడకి నిజంగానే మనవడున్నాడా?" అంది వినీల. ఆమెకి అంతా అయోమయంగా ఉంది.

"ఉంటే ఉండనీ. మన వాణ్ణెందుకు ఎత్తుకుపోవాలి?" అన్నాడు చక్రి.

అదీ నిజమే అనిపించింది. ఆ మాట పట్టుకుంటే కాస్త ధైర్యంగా కూడా ఉంది. ఇంత పసివాణ్ణి గాలికొదిలేసి, పరాయి పిల్లాడితో ఆవిడకేం పని?

వినీల ఆ బాబు ముందు కూచుంది.

"ఏం నాన్నా, నిన్నిలా ఒక్కణ్ణీ వదిలేసి మీ అమ్మమ్మ ఎటు పోయింది?"

అంతోని వెక్కుతూ, ఆమె చంకలోని నాని వైపు వేలు చూపించాడు.

"ఈ తమ్ముడు పెద్ద నీళ్ళలోకి పోతున్నాడని, నన్ను అక్కణ్ణించి కదలొద్దని చెప్పి, పట్టుకోటానికి పరిగెత్తింది."