ఎదురు దుకాణంలో జనం

శనివారమొస్తే చాలు, రోడ్డుకవతల వెర్లిన్ కొత్తగా తెరిచిన కార్ల దుకాణం ముందు జనమే జనం. మంచులో కూడా కార్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. డుబూక్‌లో ఇరవై ఏళ్లుగా కార్లమ్ముతున్న నాకు కడుపు మండిపోయేది.

ఈ వారం ఉండబట్టలేక వెళ్లి అడిగేశాను. "ఏం మందు పెట్టావయ్యా వీళ్లకి?"

వెర్లిన్ గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు అన్నా. ఆ ఎర్రటోపీ మా ఆవిడ. ట్రక్కు దగ్గరున్నవాళ్లు మా బావమరుదులు. దుకాణం ఖాళీగా కనిపిస్తే ఎవరూ రారని ఇలా తిరుగుతున్నారు. నెల్లాళ్లుగా బోణీ లేదు. బేరాలన్నీ నీకేగా!"

నవ్వుకుంటూ రోడ్డు దాటాను. నా దుకాణంలో కస్టమర్లు ఎదురుచూస్తున్నారు.

అవతల వెర్లిన్ వాళ్లావిడ అందరికీ వేడివేడి సూప్ పోస్తోంది. నేను పిలిస్తే అలా మంచులో వచ్చి నిలబడేది ఎవరా అని ఆలోచించాను.

ఒక్క పేరూ తట్టలేదు. అటు కనపడకుండా కిటికీ తెర దించేశాను.