అయ్యగారి మాట

మైకు చేతికిస్తూ సంఘ పెద్ద అబ్రాహాము వెంకటేశ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ఆ చూపు వెంకటేశ్‌కు కొత్త కాదు.

"అయ్యగారి ఇంగ్లీషును తెలుగుల చెప్పెతందుకు ఇంకో మనిషి దొరకలే గాబట్టి నిన్ను నిలవెడుతున్న. జర గట్టిగ చెప్పు. అయ్యగారు ఉరిమితె నువ్వు గూడ ఉరమాలె."

"నాతోని అయితదా పెద్దయ్యా?"

"కాదనే అందరన్నరు."

ఆ సిరిసిల్ల సంఘంలో ఇంగ్లీషు వచ్చింది వెంకటేశ్ ఒక్కడికే. అదీ బైబిలు చదివి వచ్చింది కాదు, దుబాయి హోటల్లో ప్లేట్లు ఎత్తుతూ నేర్చుకున్నది. విశ్వాసంలో మాత్రం అతనికి మార్కులు తక్కువ. నలుగురిలో ప్రార్థన చేయమంటే రెండు ముక్కలకే గొంతు ఆరిపోతుంది. ఆత్మ వచ్చి పలికే అన్యభాషలు రావు, దర్శనాలు కలగవు, సాక్ష్యం చెప్పమంటే చెమటలు పడతాయి. చివరికి పేరైనా మార్చుకోలేదు. అబ్రాహాము అలా కాదు. హనుమండ్లు అనే పాత పేరుతో పాటు పాత పాపాలన్నీ ఒక్క పూటలో వదిలేసి, అప్పటి నుంచి తీరిగ్గా ఇతరుల పాపాల మీద పనిచేస్తున్నాడు.

వేదిక ఎక్కుతూ వెంకటేశ్ తనకు చేతనైన ప్రార్థన చేసుకున్నాడు. "ప్రభువా, నాతోని కాదు. నువ్వే సూస్కో."

బెంగళూరు నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు తెల్లటి సూటులో మెరిసిపోతున్నారు. ఆయన ఇంగ్లీషులో ఒక వాక్యం అనగానే ముందు వరుసలో అబ్రాహాము "ఆమెన్" అనేవాడు. దానికి తెలుగేమిటో అబ్రాహాముకు తెలిసేది ఆ తర్వాతే.

ప్రసంగం ముగిశాక, దుఃఖంలో ఉన్నవాళ్లను అయ్యగారు ముందుకు పిలిచారు. బీడీలు చుట్టే కిష్టవ్వ లేచి వచ్చింది. పోయిన వానాకాలం ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు. సంఘంలో ఆమెను ఓదార్చని మనిషి లేడు. ఆమె విశ్వాసం ఎక్కడ తక్కువైందో తలా ఒక మాట చెప్పి మరీ ఓదార్చారు.

"అయ్యా, పొలగానికి జరమొస్తె పార్థన జేసిన. తగ్గకపాయె, దవాఖానకు తీస్కపోయిన. గట్ల తీస్కపోవుడే దేవుని మీద అనుమానమైందా? నా వల్లనే పోయిండా?"

వెంకటేశ్ ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పాడు. అయ్యగారు వేదిక అంచుదాకా వచ్చి, ఆమె వైపు వేలు చూపి, ఒకే ఒక్క వాక్యం ఉరిమారు.

"ఆమెన్" అన్నాడు అబ్రాహాము, అందరికంటే ముందు.

వెంకటేశ్ ఉరమలేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని కిష్టవ్వ వైపు తిరిగాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా. "దేవుడు నీ నమ్మకాన్ని తరాజుల ఏసి జోకలే. నువ్వు పార్థన జేసినప్పుడు నీ పక్కపొంటి ఉన్నడు. దవాఖాన మెట్లెక్కినప్పుడు గూడ నీ ఎంబడే ఎక్కిండు. నీ తప్పేం లేదు. ఏం చాతగాక ఏడ్సినవ్ సూడు, ఆయనకు గదే చాలు."

కిష్టవ్వ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిననాడు కూడా ఇలా ఏడవలేదని పక్కవాళ్లు చెప్పుకున్నారు. షామియానా కింద సగం మంది కళ్లు తుడుచుకున్నారు. తన మాటకు వచ్చిన ఫలం చూసి అయ్యగారు కళ్లు మూసుకుని చేతులు పైకెత్తారు.

భోజనాల దగ్గర అబ్రాహాము వెంకటేశ్‌ను పక్కకు పిలిచాడు.

"అయ్యగారు గంత జోర్దార్ చెప్తుంటె, నువ్వేంది, పిల్లగాన్ని పండవెట్టినట్టు చెప్పినవ్? ఆయన మాటల బలముంది గాబట్టి నీ నోట్లె పడ్డా పాడుగాలే. గసొంటి ప్రేమ, గసొంటి విశ్వాసం నీకెన్నడస్తదో."

"నిజమే పెద్దయ్యా."

వెళ్లేముందు కిష్టవ్వ అయ్యగారికి దండం పెట్టింది. "మీరు చెప్పిన మాట సచ్చేదాక యాదిల పెట్టుకుంట."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించి, ఏమంటోందని వెంకటేశ్‌ను అడిగారు.

"థాంక్స్ చెప్తోంది" అని ఇంగ్లీషులో చెప్పాడు వెంకటేశ్.

వేదిక మీద ఆమె వైపు వేలు చూపి అయ్యగారు ఇంగ్లీషులో ఉరిమిన ఆ ఒక్క వాక్యం, "కొడుకును చంపింది ఈమె అవిశ్వాసమే" అని.