నల్ల పాచిక

పెట్టెలో ఇరవై ఒక్క తెల్ల గోళీలున్నాయి. వాటి మధ్య ఒక నల్ల పాచిక. తెల్లదంటే కొత్త పిల్లని చేర్చుకుందామని ఓటు, నల్లదంటే వద్దని; ఒక్క నల్లది పడినా చేర్చుకోరు.

ఆ ఏడాది ఆడపిల్లల సంఘానికి అధ్యక్షురాలైన ఇమోజీన్, బొగ్గు గని మేనేజరు కూతురు, పెట్టెలోకి చూసి మూత వేసింది. తర్వాత మెల్లిగా, "ఒక నల్లది వచ్చింది," అంది.

తెల్ల గౌన్లలో కూర్చున్న అమ్మాయిల తలలన్నీ ఒక్కసారే వెర్నా వైపు తిరిగాయి.

అవతలి గదిలో, పిండిసంచుల గుడ్డతో కుట్టిన గౌను వేసుకుని లియోటా ఎదురుచూస్తోంది. తనని చేర్చుకుంటారో లేదో ఆ పిల్లకింకా తెలియదు. మొన్న ఫిబ్రవరిలో మూడో నంబరు గని పేలి పదమూడు మంది పోయారు. ఆ పొద్దున అందరికంటే ముందు దిగి, గ్యాసు ఉందో లేదో చూసి చెప్పాల్సిన మనిషి లియోటా నాన్న. ఆయన చెప్పలేదనే ఊరంతా అనుకుంటోంది. పోయినవాళ్ళలో వెర్నా నాన్న ఉన్నాడు. లియోటా నాన్నా ఉన్నాడు.

"అనుకుంటూనే ఉన్నా," వెర్నా పక్క కుర్చీలోంచి ఓపల్ గొణిగింది. "నీ కడుపుమంట నీకుంటుంది, కాదనను. మధ్యలో ఆ పిల్లేం చేసిందే?"

ఎవరు ఏది వేశారో అడగకూడదు, చెప్పకూడదు. అది సంఘం కట్టడి.

మిసెస్ హాల్‌సీ లేచింది. అమ్మాయిల మంచిచెడ్డలు చూసే పెద్దావిడ ఆమె. ఆ పదవిలో ఉన్నవాళ్ళని 'అమ్మా' అనే పిలుస్తారక్కడ.

"చెయ్యి తడబడి ఉంటుంది. ఇంకోసారి పెట్టె తిప్పు ఇమోజీన్. రెండోసారీ నల్లదే వస్తే అప్పుడు పంపించేద్దాం."

"ఎందుకులే అమ్మా," ఇమోజీన్ తల ఎత్తలేదు. "ఇప్పుడే పంపించేస్తే నయం. లోపలికొచ్చాక ఎవరి మొహం చూసినా ఆ పిల్లకి గనే గుర్తొస్తుంది."

మిసెస్ హాల్‌సీ హాలు చివర, గోడకి వేలాడుతున్న మగవాళ్ళ సంఘం ఫోటోల వైపు చూసింది.

"మీ వయసులో నేను ఈ హాలు మెట్లదాకే వచ్చేదాన్ని. మా అమ్మ చేసిన కేకు గుమ్మంలో అందించి వెనక్కి తిరగడమే. పెద్దవాళ్ళకి సంఘం ఉంది, మగపిల్లలకీ పెట్టారు. మరి ఆడపిల్లల మాటేమిటని ఒక పాస్టరుగారు అడిగితే నాలుగేళ్ళ కిందట ఇది పుట్టింది. మీరు నలుగురిలో నిలబడి నిజం మాట్లాడటం నేర్చుకోవాలని, కష్టమొచ్చినప్పుడు ఒకళ్ళకొకళ్ళు ఉండాలని. తండ్రి పోయిన పిల్లని గుమ్మంలోంచి తిప్పి పంపాలంటే ఆ మాట మీరే వెళ్ళి చెప్పండి. నావల్ల కాదు."

ఇమోజీన్ పెట్టె తీసుకుని తన ఓటు వేసి పక్కకి అందించింది. పెట్టె ఒడి నుంచి ఒడికి తిరిగింది. చెయ్యి లోపలికి పోతే ఏది పట్టుకుందో బయటికి కనబడదు, టక్కుమన్న చప్పుడొకటే వినిపిస్తుంది. మిసెస్ హాల్‌సీ ఆ చప్పుళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. ఇరవై రెండు.

మూత తీశారు. అన్నీ తెల్లవే.

మిసెస్ హాల్‌సీకి కళ్ళు చెమర్చాయి. వెళ్ళి వెర్నా పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మనసు మార్చుకున్నావు. పెద్దవాళ్ళకే చేతకాదమ్మా ఆ పని."

"నేనేం మార్చుకోలేదమ్మా," వెర్నా ఆమెకి మాత్రమే వినపడేలా అంది. "చెప్పకూడదు, తెలుసు. కానీ రెండుసార్లూ తెల్లదే వేశాను."

"మరి అందరూ నిన్నే అనుకుంటుంటే..."

"అనుకోనీండి. నేను కాదంటే ఇంకెవరా అని వెతుకుతారు." గొంతు ఇంకా తగ్గించి, "వాళ్ళ నాన్న కూడా అందరితో మళ్ళీ దిగాడమ్మా ఆ పొద్దున. గ్యాసు ఉందని తెలిసి దాచేవాడు, తనూ దిగుతాడా?" అంది.

పదిహేనేళ్ళ పిల్ల. ఊరు ఊరంతా ఎనిమిది నెలలుగా అడగని ప్రశ్న. మిసెస్ హాల్‌సీకి ఏదో గుళ్ళో కూర్చున్నట్టనిపించింది.

తలుపు తెరుచుకుంది. లియోటా గుమ్మంలో ఆగిపోయింది. ఇంద్రధనుస్సులోని ఏడు రంగుల భుజపట్టీలు ధరించిన ఏడుగురు అమ్మాయిలు హాలు పొడవునా ఆమె కోసం నిలబడి ఉన్నారు. వెర్నా వెళ్ళి మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఎరుపు పట్టీ పిల్ల ప్రేమ గురించి చెప్పింది, నీలం పట్టీ పిల్ల మాట తప్పకపోవడం గురించి, ఊదా పట్టీ పిల్ల సేవ గురించి. బొగ్గుపొడి పట్టిన కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడి, చవక గుడ్డ గౌను కూడా వెలిగిపోతోంది. లియోటా నోరు కాస్త తెరుచుకునే ఉంది. తన కోసం ఇంతమంది నిలబడటం ఆ పిల్ల ఎన్నడూ చూసి ఉండదు.

చివరికి తూర్పు వైపు వేదిక ముందుకి వచ్చారు. అక్కడ అధ్యక్షురాలు నాలుగు వాక్యాల స్వాగతం చెప్పాలి. ఇమోజీన్‌కి అవి నిద్రలో అడిగినా వస్తాయి.

ఆమె అవేవీ చెప్పలేదు. వేదిక మూడు మెట్లూ దిగి, లియోటా రెండు చేతులూ పట్టుకుంది. హాల్లో అందరికీ వినిపించేంత గట్టిగానే మాట్లాడింది.

"మొదటిసారి నల్లది వేసింది నేనే. రోజూ నీ మొహం చూడలేక. గ్యాసుంది, ఎవర్నీ దించొద్దని ఆ పొద్దున మీ నాన్న రాసిచ్చిన చీటీ మా నాన్న సొరుగులో ఉంది."