దూదిపుల్ల

తెల్లవారేసరికి కనకమామిడి ఊరి మీద మబ్బు కమ్ముకొని ఉంది. వాన పడలేదు, ఎండా రాలేదు. ఆ మబ్బు కిందే మెహిదీపట్నం నుంచి ల్యాబ్ అమ్మాయి వర్షిత స్కూటీ మీద వచ్చింది. చేతిలో తెల్ల డబ్బా.

పిలిపించింది ఆంజనేయులు. పరీక్ష అతనికీ, అతని అక్క పెంటమ్మకూ.

తండ్రి రామచంద్రయ్య పోయి ఏడాది. తల్లి అంతమ్మ అంతకు ముందే పోయింది. మిగిలింది రెండెకరాలు. అందులో ఒక ఎకరంలో పెంటమ్మ పదకొండేళ్లుగా చామంతి వేస్తోంది. మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిననాడు తండ్రి నోటిమాటగా ఇచ్చిన చెక్క అది. పూలు తెంపి, మొదటి బస్సులో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకుపోతుంది. ఆ ఎకరం పోతే ఆమెకు మిగిలేది ఫామ్‌హౌసుల్లో గడ్డి పీకే కూలి.

పట్నం నుంచి వచ్చినవాడు రెండెకరాలూ కలిపి ఇస్తేనే కొంటానన్నాడు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు, తిట్లే. ఆంజనేయులు బోరు మోటారు డబ్బాకు తాళం వేశాడు. పెంటమ్మ రాయితో ఆ తాళం పగలగొట్టింది.

చివరికి అతనికి ఆమె పేరే ఆయుధంగా దొరికింది.

వెనకటి రోజుల్లో వరసగా పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. పక్కింటామె ఎత్తుకొచ్చేది. తల్లి చేటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కునేది. కొన్న బిడ్డ బతుకుతుందని నమ్మకం. పెంటమ్మ పేరు అట్లా వచ్చిందే. ఆంజనేయులు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. పెంట మీద దొరికినదానికి భూమిలో పాలెక్కడిదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు.

కులపెద్ద ఈశ్వరయ్య మందలించాడు. "అది ఆచారంరా. మా చిన్నాయన పేరు గూడ పెంటయ్యనే."

"ఈమె పుట్టంగ నువ్వు సూసినవా, పెద్దయ్యా?"

ఈశ్వరయ్య చూడలేదు. చూసినవాళ్లు ఇప్పుడు లేరు. రామచంద్రయ్య దంపతులు కరువుకు ఊరు విడిచి, తాండూరు నాపరాయి గనుల్లో కొన్నేళ్లు కూలి చేసుకొని, ఇద్దరు పిల్లలతో తిరిగొచ్చారు. అతనికి తెలిసింది అంతే.

వర్షిత అరుగు మీద డబ్బా తెరిచింది. పొడుగాటి పుల్లలు, చివర దూది. బుగ్గ లోపల రాస్తే చాలని, ఇద్దరూ తోడబుట్టినవాళ్లో కాదో తెలిసిపోతుందని, కాకపోతే తండ్రి తరఫు చుట్టాలతో పోల్చి ఎవరు ఆ ఇంటి బిడ్డో కూడా తేల్చవచ్చని చెప్పింది. ఆంజనేయులు కాగితం మీద సంతకం గీకి ముందే నోరు తెరిచాడు. అతని పుల్ల గొట్టంలోకి వెళ్లింది.

పెంటమ్మ నోరు తెరవలేదు. "ఆ కాయిదం ఎవలెవలు సూస్తరు, బిడ్డా?"

"మీ ఇద్దరికీ ఇస్తం, ఆంటీ. కోర్టు అడిగితే కోర్టుకు గూడ."

"సూసినంక చింపేస్తే?"

"మా దగ్గర రికార్డుల ఉంటది."

ఆంజనేయులు నవ్వి వాకిట్లో ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "సూడుండ్రి, ఎట్ల వణుకుతున్నదో. దత్తత కాయిదం లేకుంట తెచ్చి పెంచిన పిల్లలకు గుంట భూమి గూడ రాదు. వకీలు చెప్పిండు."

"గుంట గూడ రాదా?" అంది పెంటమ్మ.

"రాదు."

"ఇల్లు?"

"ఇల్లు గూడ రాదు. కట్టుబట్టలతోని బయటికి నడువాల్సిందే."

పెంటమ్మ "నేనియ్య" అని లేచింది.

నువ్వు ఇచ్చేదేంది, నీ దువ్వెనలో వెంట్రుకలున్నాయి అన్నాడు ఆంజనేయులు. మనిషి ఒప్పుకోకుండా తీసుకుంటే తప్పని, తాను ఆ పని చెయ్యనని వర్షిత చెప్పింది. నువ్వు కాకపోతే ఇంకో ల్యాబ్ అన్నాడు. డబ్బు పడేస్తే చేసేవాళ్లు చాలామంది ఉన్నారన్నాడు.

పెంటమ్మ తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"భూమి నువ్వే తీస్కో. ఇయ్యాల్నే సంతకం పెడ్త. కాని ఈ పరీక్ష ఎన్నడు చేపియ్యద్దు. గొట్టంల ఉన్న ఆ పుల్ల గూడ నా ముందట్నే పొయ్యిల వెయ్యాలె."

నిన్నటిదాకా ఆమె వైపు నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగు సవరించుకొని వెళ్లిపోయారు. ఈశ్వరయ్య తల వంచుకున్నాడు. ఆచారమని తాను వాదించినందుకు సిగ్గుపడ్డట్టు కనిపించాడు.

ఆంజనేయులు భార్య నీలవేణి పుల్లను పొయ్యిలో వేసింది. అది పూర్తిగా కాలిపోయేదాకా పెంటమ్మ అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం మొయినాబాద్ తహసీల్ ఆఫీసులో తనకు హక్కు వద్దని సంతకం పెట్టింది. ఇష్టపూర్తిగానేనా అని అక్కడివాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆంజనేయులు ఆమెను తన బండి ఎక్కించుకోలేదు. అప్పటికి మబ్బు విడిచిన ఎండలో ఆమె ఆటో కోసం నిలబడింది.

పంచాయితీ తెగినంక రెండు పక్షాలూ ఒక్క బంతిన కూర్చొని తినకపోతే తెగినట్టు కాదని ఈశ్వరయ్య పట్టు పట్టాడు. నీలవేణి అన్నం, కోడికూర వండింది. పొద్దుగూకే వేళకు అందరూ కూర్చున్నారు. ఆంజనేయులు తన పళ్లాన్ని అక్క పక్క నుంచి జానెడు దూరం జరుపుకున్నాడు. నీలవేణి పెంటమ్మకు గరిటె తగలకుండా ఎత్తు నుంచి వడ్డించింది. బొక్కలు కొరికే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

జానెడు ఎడంగా కూర్చొని తింటున్న ఆ తమ్ముణ్ని, తాండూరు గనుల దగ్గర రాళ్ల కుప్ప పక్కన పాత గుడ్డలో ఏడుస్తుంటే చూసి మొట్టమొదట ఎత్తుకున్నది ఏడేళ్ల పెంటమ్మే.